తులానికి 180 గింజలు

తెలుగులో ‘మందు’ అన్న మాట చేసినంత చాకిరీ ఇంకే మాటా చెయ్యదేమో. జ్వరమొస్తే వేసుకునేది మందు. చెరుకు తోటకి పురుగు పడితే కొట్టేది మందు. సాయంత్రమైతే కొందరు పుచ్చుకునేది మందు. తుపాకిలో కూరేదీ మందే. ఈ నాలుగింటికీ పోలిక ఒక్కచోటే ఉంది, మోతాదు దగ్గర. తక్కువైతే పని జరగదు, ఎక్కువైతే మనిషే మిగలడు. మొదటి మూడు రకాల గురించీ అంతో ఇంతో తెలిసినవాణ్నే గానీ, నాలుగోదాని జోలికి వెళ్లే అవసరం నాకు అరవై ఆరేళ్లు వచ్చేదాకా రాలేదు. అది కూడా మావాడి పుణ్యమే.

మాది అనకాపల్లి, గవరపాలెం. మా తాత, మా నాన్న, నేను ముగ్గురం బంగారప్పని చేసినవాళ్లం. అనకాపల్లి అనగానే అందరికీ బెల్లం గుర్తొస్తుంది. మార్కెట్ యార్డులో దిమ్మలు కాటాకెక్కడం చూసినవాళ్లకి తూకమంటే కిలోలు, క్వింటాళ్లు. మా ఇంట్లో తూకం వేరు. నాన్న త్రాసు అద్దాల పెట్టెలో ఉండేది. తూచేటప్పుడు ఫ్యాను కట్టేసేవారు. ఎదురుగా కూర్చున్నవాళ్లని మాటాపమనేవారు, నోటి గాలికి ముల్లు కదులుతుందని. చిన్న తూకాలకి గురివింద గింజలు, తులానికి పాత వెండి రూపాయి బిళ్ల. ఆ బిళ్ల ఊరికే పెట్టుకున్నది కాదు. 1833లో ఈస్టిండియా కంపెనీ తులాన్ని 180 గ్రెయిన్లుగా ఖాయం చేసింది, వెండి రూపాయినీ అదే బరువుకి కొట్టింది. గ్రెయిన్ అంటే ఇంగ్లీషువాళ్ల బార్లీ గింజ. మన గురివింద గింజలో సగం కంటే కాస్త ఎక్కువ తూగుతుంది. ఇప్పుడు షాపుల్లో తులమంటే పది గ్రాములని లెక్క కట్టేస్తున్నారు గానీ అసలు తులం 11.66 గ్రాములు.

ఈ లెక్కలన్నీ నాతోనే పోతాయనుకున్నాను. మావాడు ఇంజనీరింగ్ చదివి డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో స్థిరపడ్డాడు. వాణ్ని కుంపటి దగ్గర కూర్చోబెట్టాలని నేనెప్పుడూ అనుకోలేదు. రెడీమేడ్ నగల షోరూములు వచ్చాక మా వీధిలో కుంపట్లే చాలావరకు ఆరిపోయాయి. అలాంటిది, 2025 సంక్రాంతి వెళ్లాక ఒక రాత్రి ఫోన్ చేసి, “నాన్నా, గ్రెయిన్ అంటే ఎంత?” అన్నాడు.

“తులానికి నూట ఎనభై. ఏం, కోడలికేమైనా చేయిస్తున్నావా?”

అటు కాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా చెప్పాడు. రివాల్వర్ కొన్నాడట. దానికి తూటాలు ఇంట్లోనే నింపుకుందామనుకుంటున్నాడట.

మా ఆవిడ పక్కనే ఉంది. ఫోన్ లాక్కుని, “ఏటి నాన్నా, మతేమైనా పోయిందా? ఇంట్లో చిన్నపిల్లని పెట్టుకుని మందుగుండు చేస్తావా?” అంది. ఆ తర్వాత మూడు నెలలకి, ఏప్రిల్ 13న, మా జిల్లాలోనే కోటవురట్ల మండలం కైలాసపట్నంలో బాణసంచా తయారీ కేంద్రం పేలి ఎనిమిది మంది చనిపోయారు. టీవీలో ఆ షెడ్డు చూసినప్పటి నుంచి మా ఇంట్లో మావాడి సరదా గురించి సరదాగా మాట్లాడుకోవడం కుదరలేదు. మే నెలలో మేం డల్లాస్ విమానం ఎక్కుతున్నప్పుడు మా ఆవిడ నాకు అప్పజెప్పిన పని ఒక్కటే. వాడిచేత అది మాన్పించి రావాలి.

అక్కడి సంగతులు చెప్పే ముందు మన సంగతి చెప్పాలి. మన దేశంలో ఇలాంటి సరదాకి చోటే లేదు. 1959 నాటి ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి గానీ తూటా గానీ తయారుచెయ్యడం నేరం. 2019 సవరణతో దానికి శిక్ష యావజ్జీవం దాకా వెళ్లింది. ఉంచుకోవడానికి లైసెన్సున్నవాడు కూడా డీలరు దగ్గర తూటాలు కొని, ఎన్ని కొన్నాడో లైసెన్సులో రాయించుకోవాల్సిందే. మామూలు జనానికి సాధారణంగా దొరికే రివాల్వర్ కూడా .32 సైజుదే. మా వీధిలో ఒక పెద్దాయనకి అలాంటిది ఉండేది. ఎన్నికలొచ్చినప్పుడల్లా దాన్ని తువ్వాలులో చుట్టి, సంచిలో పెట్టుకుని స్టేషన్లో అప్పజెప్పి రావడం, కోడ్ ఎత్తేశాక తెచ్చుకోవడం. ఆయన దాన్ని కాల్చగా చూసినవాళ్లెవరూ లేరు. స్టేషన్‌కి మోసిన బరువే ఎక్కువ.

అలాగని చేత్తో మందు కూరడం మా వైపు తెలియని విద్యేం కాదు. ఏజెన్సీలో అడవిపందుల కోసం నాటు తుపాకులు వాడేవారు. నా చిన్నప్పుడు చింతపల్లి వైపు నుంచి నాన్న దగ్గరికి వెండి కడియాలు చేయించుకోడానికి ఒక ముసలాయన వచ్చేవాడు. ఆయన నడుముకి వేలాడే చిన్న వెదురు గొట్టం చూపించి అదేమిటని అడిగాను. “మందు కొలత బావూ” అన్నాడు. ఆ గొట్టానికి నిండా ఒకసారి, అంతే. గొట్టం పోతే ఇంకో గొట్టంతో కొలవడట, కొత్తది చేసుకునేదాకా వేటకే పోడట. అది నల్లమందు కాలం నాటి పద్ధతి. మందూ గుండూ విడివిడిగా గొట్టంలోకి దించే తుపాకి అది.

పోలీసు రైఫిల్ అలా కాదు. దాని తూటా దానికే కావాలి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దాడి చేసినప్పుడు తుపాకులతో పాటు తూటాలూ పట్టుకెళ్లింది అందుకే. తూటాలు లేని రైఫిల్ కంటే గడ్డపార నయం. ఆ కృష్ణదేవిపేట ఇప్పుడు మా అనకాపల్లి జిల్లాలోనే ఉంది.

చాలామంది మొత్తాన్నీ బుల్లెట్ అనేస్తారు గానీ బుల్లెట్టంటే ముందున్న గుండు మాత్రమే. తూటాలో నాలుగు భాగాలుంటాయి. ఇత్తడి కేసు, దాని అడుగున చిన్న టోపీలా ప్రైమరు, లోపల మందు, మూతికి గుండు. పిన్ను తగిలితే ప్రైమరు నిప్పు రాజేస్తుంది, మందు మండుతుంది, ఆ వాయువు గుండుని తోస్తుంది. కాల్చాక గుండు పోతుంది, మందు పోతుంది, ప్రైమరు చచ్చిపోతుంది. ఇత్తడి కేసు మాత్రం చేతిలో మిగులుతుంది. తూటాలో ఖరీదైన భాగం అదే. దాన్ని పారెయ్యకుండా మళ్లీ నింపడమే ఈ విద్యంతా. ఈ కేసుని మళ్లీ మళ్లీ నింపగలిగే వీలు ఎక్కువగా ప్రైమరు వల్ల వచ్చింది. అందులో ఒక తమాషా ఉంది. అమెరికావాళ్లు వాడే రకం ప్రైమరు ఇంగ్లండులోని వూలిచ్‌లో పనిచేసిన బాక్సర్ అనే సైనికాధికారిది. యూరప్‌లో ఎక్కువగా వాడిన రకం బెర్డన్ అనే అమెరికావాడిది. అల్లుళ్లని మార్చుకున్నట్టు మార్చుకున్నారు. బాక్సర్ రకంలో కేసు అడుగున మధ్యలో ఒకటే కన్నం. చచ్చిన ప్రైమరుని లోపలి నుంచి సూదితో పొడిచి పడగొట్టెయ్యొచ్చు.

మావాడిది స్మిత్ అండ్ వెసన్ 629, .44 మాగ్నమ్. ఆరు తూటాల స్టీలు రివాల్వర్. గ్రీన్‌కార్డు వచ్చాకే కొన్నాడు. హెచ్1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు వేట లైసెన్సు లాంటి ఏవో కొన్ని మినహాయింపులుంటే తప్ప అక్కడ తుపాకి ఉంచుకోకూడదు. నాలాంటి విజిటర్ వీసావాళ్లకీ అదే చట్టం. తుపాకే కాదు, ఇత్తడి కేసూ ప్రైమరూ మందూ గుండూ విడివిడిగా ఉన్నా ఆ చట్టం లెక్కలో తూటా కిందికే వస్తాయి. మొదటిరోజే మావాడు స్టూలు వేసి, “నాన్నా, ఇక్కడ కూర్చో. ఏదీ ముట్టుకోకు” అన్నాడు. యాభై ఏళ్లు చేతుల్తో బతికినవాణ్ని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆ బల్ల మీద నేను ముట్టుకోదగింది త్రాసు ఒక్కటే.

గ్యారేజీలో ఒక మూల బల్ల వేశాడు. దాని మీద బిగించిన ప్రెస్సు, అంటే మన చెరుకు రసం బండి పిడి లాంటి పిడి ఉన్న ఇనుప యంత్రం. ఆ కంపెనీ పేరు ఆర్‌సీబీఎస్. ఫ్రెడ్ హంటింగ్టన్ అనే ఆయన 1943లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్‌లో మొదలుపెట్టాడట. ‘రాక్ చక్ బుల్లెట్ స్వేజ్’ అన్న మాటల పొడి అక్షరాలు అవి. రాక్ చక్ అంటే రాళ్లలో బొరియ చేసుకునే ఉడత జాతి జంతువు. దాన్ని వేటాడే గుళ్ల అచ్చు కోసం పెట్టిన పేరు అంత పెద్ద కంపెనీకీ అంటుకుపోయింది. మావాడు అన్నిటికన్నా ముందు కొన్నది మాత్రం యంత్రం కాదు, పుస్తకం. ఏ గుండుకి ఏ మందు ఎన్ని గ్రెయిన్ల నుంచి ఎన్ని గ్రెయిన్ల దాకా పొయ్యొచ్చో పరీక్షించి అచ్చేసిన పట్టికల పుస్తకం. ఒకటి చాలదని రెండు కొన్నాడు, ఒకదాంతో ఒకటి సరిచూసుకోడానికి. మొదలుపెట్టడం ఎప్పుడూ పట్టికలోని కింది అంకెతోనే, పై అంకె దాటడం ఎప్పుడూ లేదు. ఆ ఒక్క విషయంలో వాడి మీద నాకు మొదటిరోజే నమ్మకం కుదిరింది.

పని చూస్తుంటే సగం నాకు తెలిసిన పనే. కాల్చిన కేసు వేడికీ ఒత్తిడికీ కాస్త ఉబ్బుతుంది. దాన్ని ప్రెస్సులో పెట్టి పిడి దించితే గట్టి కార్బైడ్ ఉంగరంలోంచి దూరి మళ్లీ పాత కొలతకి వస్తుంది. ఇదేంటి, మన కమ్మచ్చే కదా అన్నాను. వెండి తీగని కమ్మచ్చు కన్నాల్లోంచి లాగి సన్నం చేస్తాం. తీగ లాగేకొద్దీ గట్టిపడి, చివరికి పుటుక్కుమంటుంది. అందుకే మధ్యమధ్యలో కుంపట్లో కాచి మెత్తబరుస్తాం. ఇత్తడి కేసుదీ అదే కథ. అందులో వందకి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగం. నాలుగైదు సార్లు సాగి, ముడుచుకున్నాక మూతి దగ్గర వెంట్రుకంత చీలిక వస్తుంది. రివాల్వర్ కేసుల్ని కాచడం అరుదు, చీలితే పక్కన పడేస్తారు. ఆ చీలికల్ని మావాడి కంటే ముందు నేను పట్టేవాణ్ని. ముట్టుకోకుండా వేలు చూపించేవాణ్ని, ఈ వరసలో మూడోది అని. గోరుతో తడితే మంచి కేసు గంటలా ఖణేల్‌మంటుంది, చీలినది బొంగురుగా పలుకుతుంది. ఆ తట్టడం కూడా వాడిచేతే తట్టించాను.

తర్వాత కేసు మూతిని కాస్త విప్పుతారు, గుండు ఒరుసుకోకుండా దిగడానికి. కొత్త ప్రైమరుని అడుగున కూర్చోబెడతారు. అది కేసు మట్టం కన్నా పైకి ఉండకూడదు. ఉంటే రివాల్వర్ చక్రం తిరగదు. ప్రైమర్లని వాటి డబ్బాలోనే ఉంచాలి, సీసాలో కుమ్మరించి పెట్టుకోకూడదు, ఒకటి పేలితే అన్నీ పేలతాయి. మందు పోశాక గుండు దించి, కేసు అంచుని గుండు మీదున్న గాడిలోకి నొక్కుతారు. ఇది ఉంగరంలో రాయి పొదగడమే. రాయి చుట్టూ అంచు ఒదిగితేనే రాయి నిలుస్తుంది. పెద్ద రివాల్వర్‌కి ఈ నొక్కుడు ప్రాణం. ఒక తూటా పేలినప్పుడు వచ్చే కుదుపుకి చక్రంలో మిగిలిన తూటాల గుళ్లు జడత్వం వల్ల కేసులోంచి ముందుకి జారాలని చూస్తాయి. ఒక్కటి జారి మూతి బయటికి వచ్చినా చక్రం బిగుసుకుపోతుంది. అందుకని సరిపడా నొక్కాలి. మరీ నొక్కితే కేసు నలుగుతుంది. ఎంత నొక్కాలన్నది ఏ పుస్తకంలోనూ పూర్తిగా ఉండదు, చేతికి తెలియాలి. మావాడి చేతికి రెండు వారాల్లో తెలిసింది. వాడు పిడి దించే తీరు చూస్తే, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగడం చూస్తే, మా నాన్న భుజం గుర్తొచ్చింది నాకు. వాడితో అనలేదు.

తూకం మాత్రం వాడికి రాలేదు. మొదట ఎలక్ట్రానిక్ కాటా కొన్నాడు. టెక్సాస్ ఎండకి గ్యారేజీ కొలిమి. పోర్టబుల్ ఏసీ పెట్టుకున్నాడు. ఆ గాలి కాటా మీదికి. పైగా చల్లటి గదిలోంచి కాటా తెచ్చి, ఆన్ చేసి, వెంటనే తూచడం. నేను అనకాపల్లి నుంచి వెళ్తూ వెండి తీగ ముక్కలు కోసి, మిల్లీగ్రాము తూచే కాటా మీద సరిచూసి, మూడు చిన్న రాళ్లు చేసి పట్టుకెళ్లాను. ఐదు గ్రెయిన్లంటే 324 మిల్లీగ్రాములు, పదికి 648, ఇరవైకి 1,296. పది గ్రెయిన్ల ముక్క వాడి కాటా మీద పెడితే మొదట పది చూపించింది. పావుగంట తర్వాత 10.3 అంది. మావాడు ముక్కని అనుమానంగా చూశాడు. ఏసీ కట్టు, కాటాని అరగంట అలా వెలిగించి ఉంచు, అప్పుడు చూడమన్నాను. అప్పుడు పదే చూపించింది, ఇరవై నిమిషాల తర్వాత కూడా. గ్రెయిన్లో పదో వంతంటే ఆరున్నర మిల్లీగ్రాములు. గురివింద గింజని దాదాపు పందొమ్మిది ముక్కలు చేస్తే అందులో ఒకటి. మేం అంతటి బంగారం రజను కోసం పని గది నేల ఊడ్చిన దుమ్ము కూడా దాచిపెట్టేవాళ్లం. వాడు ముల్లున్న దూలం త్రాసు కూడా ఒకటి తెప్పించాడు. చెమటలు కక్కుతూ, ఏసీ కట్టేసి, ఊపిరి బిగబట్టి తూచడం మొదలుపెట్టాడు.

వాడు కాల్చే గుండు 240 గ్రెయిన్లు. తులం మీద మూడో వంతు. అంత సీసాన్ని తోసే మందు అందులో పదో వంతు కూడా ఉండదు, ఆ రకానికి. అదే నాకు మొదటి నుంచీ గుచ్చుకుంది. ఇప్పటి మందు పాత నల్లమందు కాదు. 1884లో పాల్ వియెల్ అనే ఫ్రెంచివాడు తెచ్చిన పొగరాని మందు వంశం ఇది. ఆరుబయట అంటిస్తే భగ్గున మండి ఊరుకుంటుంది. ఇరుకులో పెడితే తన బలం చూపిస్తుంది. కొద్ది మందుతోనే పని అయిపోతుంది కాబట్టి కేసులో సగానికి పైగా ఖాళీ. ఆ ఖాళీలోకి పొరపాటున రెండోసారి పోసినా పడుతుంది, పైకి కనపడదు. రెండింతలు మందుపడ్డ తూటా రివాల్వర్ చక్రాన్ని చీల్చేయగలదు. అసలు పోయడం మర్చిపోతే ఇంకో తిప్పలు. ప్రైమరు ఒక్కటే గుండుని గొట్టంలోకి తోసి మధ్యలో వదిలేస్తుంది. చప్పుడు తక్కువైందని గమనించకుండా ఇంకోటి కాలిస్తే గొట్టం ఉబ్బిపోతుంది.

జూన్ నెలలో ఒక రాత్రి, యాభై గుంటల చెక్కలో యాభై కేసులు నిలబెట్టి మందు పోస్తున్నాడు. మధ్యలో ఆఫీసు ఫోన్. సర్వరేదో పడిపోయిందట. లోపలికెళ్లి ఎనిమిది నిమిషాలు మాట్లాడి వచ్చాడు. వచ్చి గరాటు అందుకుని మూడో వరసలో ఆరో కేసు మీద పెట్టాడు.

“ఆగు. దాంట్లో పోశావా, లేదా?”

“లేదు నాన్నా. ఐదో దాంతో ఆపాను.”

“ఎలా తెలుసు?”

“గుర్తుంది.”

“అన్నీ ఒంపెయ్.”

వాడికి కోపమొచ్చింది. టార్చి తెచ్చి యాభై కేసుల్లోకీ వెలుతురు కొట్టి చూపించాడు. వరసగా మందు అన్నిట్లో ఒకే ఎత్తు, ఐదో దాని దాకా. ఆరు నుంచి ఖాళీ. వాడు చెప్పింది అక్షరాలా నిజం. “చూశావా, అన్నీ సరిగ్గానే ఉన్నాయి” అన్నాడు.

“ఇప్పుడు చూస్తే తెలిసింది. గరాటు పెట్టినప్పుడు నీకు తెలియదు కదా. గుర్తుందన్నావు, అంతే.”

కాసేపు నావైపు చూశాడు. తర్వాత ఒక్కో కేసూ ఎత్తి డబ్బాలోకి ఒంపాడు. బల్ల మీద ఒకేసారి ఒకటే మందు డబ్బా ఉండాలని వాడి నియమం కాబట్టి ఎందులోకి ఒంపాలన్న సందేహం లేదు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టే సరికి పన్నెండు దాటింది. మర్నాడు ఆ మందే మార్చేశాడు. కేసు నిండుగా పట్టే రకం తెచ్చాడు. అలాంటిది రెండోసారి పోస్తే పొర్లి బల్ల మీద పడుతుంది, గుడ్డివాడికైనా తెలుస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు నుంచీ అలాంటి మందే వాడాలని వాడి పుస్తకంలో ఉందట. చదివాడు, కానీ డబ్బాలు తక్కువ అవుతాయని ఆ రకం కొన్నాడట.

డబ్బుల మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పాలి. షాపులో .44 మాగ్నమ్ తూటా ఒక్కోటి డాలరు పైమాటే, ఇంట్లో నింపితే అందులో సగం లోపు అని కోడలికి నచ్చజెప్పాడు. “ఎంత మిగిలింది మరి?” అని అడిగాను. “ఏం మిగల్లేదు నాన్నా, రెండింతలు కాలుస్తున్నా” అన్నాడు. కోడలు లోపలి నుంచి విని నవ్వలేదు. తనవి రెండే షరతులు. తుపాకీ తూటాలూ వేర్వేరు ఇనప్పెట్టెల్లో, తాళాలు వేర్వేరుగా. గ్యారేజీలోంచి వచ్చినవాడు చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడిగి, చొక్కా మార్చాకే పాపని ఎత్తుకోవాలి. సీసం చేతికి అంటేది కంటికి కనపడదు. ఆ రెండు షరతులూ మావాడు తప్పగా నేను చూడలేదు. పాపకి ఆ తలుపు అవతల నాన్న “ఆఫీసు” ఉందని మాత్రమే తెలుసు. తలుపు గడియ తన చెయ్యి అందని ఎత్తులో ఉంది. ఎదుగుతుంది కదా, అప్పుడేం చేస్తారని మా ఆవిడ అడిగింది. దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఎందుకురా ఇదంతా అని నేనూ అడిగాను. వాడు ఎల్మర్ కీత్ అనే ఆయన కథ చెప్పాడు. ఇడాహోలో గుర్రాల మీద తిరుగుతూ పశువుల్ని సాకిన మనిషి. 1920ల్లో .45 రివాల్వర్‌లో ఎక్కువ మందు కూరి చక్రం బద్దలుకొట్టుకున్నాడు. అప్పుడు .44 స్పెషల్‌కి మారాడు. గుండు సన్నం కాబట్టి చక్రంలో గోడలు మందంగా ఉంటాయని. ఏళ్ల తరబడి తన బల్ల మీద నింపుకుంటూ, కాల్చుకుంటూ, రాస్తూ కంపెనీల వెంటపడ్డాడు. చివరికి 1950ల మధ్యలో స్మిత్ అండ్ వెసన్, రెమింగ్టన్ కలిసి .44 మాగ్నమ్ తీసుకొచ్చాయి. 1971లో ‘డర్టీ హ్యారీ’ సినిమా వచ్చాక ఊరూరా తెలిసింది. “అంటే నాన్నా, కంపెనీ సరుకుని ఇంట్లో కాపీ కొట్టడం కాదిది. ఇంట్లో పుట్టినదాన్నే కంపెనీ కాపీ కొట్టింది” అన్నాడు మెరిసే కళ్లతో. బాగానే ఉంది. కానీ ఆ బద్దలైన రివాల్వర్ ముచ్చటని అందరూ నవ్వుతూ చెప్పుకుంటున్నారంటే ఆయన వేళ్లు ఆయనకి మిగిలాయి కాబట్టే. ఆ మాట వాడితో అన్నాను. వాడు ఒప్పుకున్నాడు.

నాకు తుపాకి అంటే ఇష్టం కలగలేదు. ఒకసారి రేంజికి తీసుకెళ్లాడు. అద్దం వెనక నిలబడి చూశాను. చెవులకి డిప్పలు పెట్టుకున్నా ఆ చప్పుడు రొమ్ములో తగిలింది. మనుషుల మీదికి ఎక్కుపెట్టడానికి పుట్టిన వస్తువది, కాగితం మీద కాల్చినంత మాత్రాన దాని పుట్టుక మారదు. కానీ రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా ఆ బల్ల దగ్గర కూర్చున్న మావాణ్ని చూడటం ఇష్టమైంది. ఫోన్ ఇంట్లో వదిలేసి (జూన్ తర్వాత అదీ నియమంలో చేరింది), ఒక్కో కేసునీ దీపానికి ఎత్తి తిప్పి చూసుకునే మనిషి, పగలు నాలుగు స్క్రీన్ల ముందు గుటకల మీద కాఫీ తాగే మనిషి ఒకడు కాదు. మాన్పించమని పంపిన మా ఆవిడకి ఏం చెప్పాలో తెలియక, ఆగస్టులో తిరుగు ప్రయాణం దాకా ఏమీ చెప్పలేదు. విమానంలో తనే అడిగింది. మానలేదు, కానీ తూచడం నేర్చుకున్నాడు అన్నాను. అట్లాంటిక్ దాటేదాకా నాతో మాట్లాడలేదు.

నా వెండి ముక్కలు మూడూ వాడి దగ్గరే వదిలేశాను. ప్రతిసారీ పని మొదలుపెట్టే ముందూ అయ్యాకా వాటితో కాటా సరిచూసి, నోటుపుస్తకంలో రాస్తాడు. తేదీ, మందు, గుండు బరువు, కేసు ఎన్నోసారి నింపుతున్నదీ, కాటా ఎంత చూపించిందీ. ఆదివారాలు ఆ పేజీ ఫొటో వాట్సాప్‌లో పంపుతాడు. నేను ఇక్కడ అరుగు మీద కూర్చుని, కళ్లద్దాలు పెట్టుకుని, పాత పద్దులు తనిఖీ చేసినట్టు చూస్తాను. అక్షరాలు మరీ చిన్నవి.

మొన్న ఆదివారం ఫొటో రాలేదు. సాయంత్రం దాకా చూసి నేనే ఫోన్ చేశాను. పాపకి జ్వరమట, రెండు రాత్రులుగా నిద్ర లేదట. “కళ్లు మూతలు పడుతున్నాయి నాన్నా, ఈ వారం బల్ల దగ్గరికి వెళ్లలేదు” అన్నాడు.

మా ఆవిడకి చెప్పాను. బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేట పక్కన పెట్టి, “ఆ మాట వాడంతట వాడే అన్నాడా, మీరు అడిగితే అన్నాడా?” అంది.

వాడే అన్నాడన్నాను. మళ్లీ చేట అందుకుంది.